ఎముకలకు మందు - ఎన్నేళ్ల వరకు?

2001వ సంవత్సరంలో న్యూయార్కు నగరపు భూగర్భ రైలులో నిలబడి ప్రయాణిస్తున్న ఒక మహిళ తొడ ఎముక ఉన్నట్టుండి విరిగిపోయింది. ఆమె జారిపడలేదు. ఎవరూ తోయలేదు. రైలు ఒక్క కుదుపు కుదిపింది, ఆమె శరీర భారాన్ని ఒక కాలి మీదికి మార్చుకున్నారు, అంతే. ఆమె వయస్సు అప్పటికి 59 ఏళ్లు, మంచి ఆరోగ్యవంతురాలు. పేరు జెన్నిఫర్ ష్నైడర్. ఆమె స్వయంగా వైద్యురాలు కావడం వల్ల ఈ వింతను అంతటితో వదలిపెట్టక, తన అనుభవాన్నే 2006లో ఒక వైద్య పత్రికలో వ్యాసంగా ప్రకటించారు.

మానవ శరీరంలో అన్నిటికంటే పొడవైనదీ, అన్నిటికంటే దృఢమైనదీ తొడ ఎముక. మోటారు ప్రమాదంలోనో, మేడ మీది నుంచి పడినప్పుడో తప్ప దాని నడిమి భాగం సాధారణంగా విరగదు. వృద్ధులు కాలు జారి పడినప్పుడు విరిగేది తుంటి దగ్గరి మెడ భాగమే కాని, కింది కాండం కాదు. అటువంటి కాండం నిలుచున్న మనిషిలో సుద్దముక్క వలె అడ్డంగా తెగిపోవడానికి కారణమేమిటి? ఆమె ఏళ్ల తరబడి వాడుతున్న ఔషధం అలెండ్రోనేట్. అది ఎముకలు విరగకుండా ఉండేందుకు ఇచ్చే మందు!

సౌదీ అరేబియాలోని తెలుగు కుటుంబాలకు ఈ విషయంతో దగ్గరి సంబంధమే ఉన్నది. రియాదుకో, జెద్దాకో, జుబైలుకో కొడుకు దగ్గరికి, కూతురి దగ్గరికి సందర్శన వీసాపై వచ్చే అమ్మ పెట్టెలో ఆవకాయ సీసాల పక్కనే మాత్రల సంచి ఒకటి ఉంటుంది. బీపీకి ఒకటి, చక్కెరకు ఒకటి, థైరాయిడుకు ఒకటి, వాటితో పాటు వారానికి ఒక్కటి చొప్పున వేసుకునే "ఎముకల మాత్ర". దానిని ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో చాలామందికి జ్ఞాపకం ఉండదు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక వైద్యుడు మొదలుపెడతారు. మందుల దుకాణంవారు పాత చీటీ చూసి ఇస్తూ పోతారు. దమ్మాములోని వైద్యుడు "ఇప్పటికే వాడుతున్నారు గదా" అని కొనసాగిస్తారు. ఇట్లా రెండు దేశాల నడుమ, ఇద్దరు ముగ్గురు వైద్యుల నడుమ ఆ మాత్రకు ఎన్నేళ్లు నిండాయో లెక్క పెట్టేవారే ఉండరు. ఈ మందు విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క అదే.

ఎముక అనగానే చాలామందికి నిర్జీవమైన రాయి వంటి వస్తువు మనసులో మెదులుతుంది. నిజానికి అది నిరంతరం కూలుతూ, నిరంతరం కట్టబడుతూ ఉండే సజీవ నిర్మాణం. ఏటా మన అస్థిపంజరంలో సుమారు పదోవంతు కొత్తదవుతుంది. ఈ పనికి రెండు జట్లు ఉన్నాయి. పాతబడిన భాగాన్ని కరిగించి తొలగించే కణాలు ఆస్టియోక్లాస్టులు. వీటిని గోడను పడగొట్టే కూలీలు అనుకోవచ్చు. ఆ ఖాళీలో కొత్త ఎముకను పేర్చే కణాలు ఆస్టియోబ్లాస్టులు. ఇవి తాపీ మేస్త్రీలు. యౌవనంలో ఇద్దరి పనీ సమానంగా సాగుతుంది. స్త్రీలకు ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజెన్ హార్మోను తగ్గిపోతుంది, కూలీల మీద అదుపు సడలుతుంది. పడగొట్టిన దానిలో కొంత తిరిగి కట్టబడకుండానే మిగిలిపోతుంది. ఎముక లోపల గుల్లబారుతుంది. దీనినే ఆస్టియోపోరోసిస్ అనీ, తెలుగులో బోలు ఎముకల వ్యాధి అనీ అంటున్నాము.

అలెండ్రోనేట్, రిసెడ్రోనేట్, ఐబాండ్రోనేట్, జోలెడ్రోనిక్ ఆమ్లం మొదలైనవన్నీ బిస్‌ఫాస్ఫోనేట్లు అనే ఒకే కుటుంబానికి చెందిన మందులు. వీటి పుట్టుక చిత్రమైనది. నీటి గొట్టాలలో సున్నం పేరుకోకుండా పారిశ్రామికులు ఫాస్ఫేటు సంబంధ పదార్థాలను వాడేవారు. మన శరీరంలో అక్కరలేని చోట సున్నం గట్టిపడకుండా పైరోఫాస్ఫేటు అనే పదార్థం కాపాడుతున్నదని స్విట్జర్లాండులోని దావోసులో హెర్బర్ట్ ఫ్లైష్ అనే శాస్త్రజ్ఞుడు 1960 దశకంలో గుర్తించారు. దానిని పోలినదీ, శరీరంలో తొందరగా విచ్ఛిన్నం కానిదీ అయిన పదార్థం కోసం వెదకగా బిస్‌ఫాస్ఫోనేట్లు చేతికందాయి. ఇవి ఎముక ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. అక్కడికి వచ్చిన కూలీ కణాలు వీటిని మింగి నీరసించి చనిపోతాయి. ఒకసారి ఎముకలో చేరిన అలెండ్రోనేట్ పదేళ్లు గడిచినా పూర్తిగా వదలిపోదు.

1995లో అమెరికాలో బోలు ఎముకల వ్యాధికి అలెండ్రోనేట్ అనుమతి పొందింది. అప్పటికే వెన్నుపూస కుంగిన రెండువేల మందికి పైగా స్త్రీలపై జరిపి 1996లో ప్రకటించిన పరీక్షలో తుంటి విరుగుళ్లు సగానికి తగ్గాయి. తుంటి విరిగిన వృద్ధురాలి ఇంటి పరిస్థితి ఎరిగిన వారికి ఈ సగం విలువ వేరే చెప్పనక్కరలేదు. మంచం పట్టడం, పుండ్లు పడటం, ఊపిరితిత్తులలో నెమ్ము చేరడం, ఏడాది తిరగకుండానే కుటుంబం ఒక పెద్దదిక్కును కోల్పోవడం మన ఊళ్లలో కొత్త కథ కాదు. కనుక ఈ మందు గొప్ప మందే.

అయితే గోడను పడగొట్టే కూలీలకు ఇంకొక పని కూడా ఉన్నది. నడక వల్ల, బరువు వల్ల ఎముకలో అనుదినం కంటికి కనిపించనంత సన్నని బీటలు పడుతూ ఉంటాయి. ఆ బీటవారిన భాగాన్ని గుర్తించి తొలగించేది కూడా ఆస్టియోక్లాస్టులే. తొలగిస్తే తప్ప మేస్త్రీకి పని లేదు. కూలీలను ఏళ్ల తరబడి నిలిపివేస్తే ఎముక తరగదు, నిజమే. కాని పాత బీటలు మరమ్మతు లేక మిగిలిపోయి ఒకదానితో ఒకటి కలుస్తాయి. స్కాను యంత్రం సాంద్రతను కొలుస్తుంది కాని బీటలను చూడదు.

సాంద్రత వేరు, సత్తువ వేరు అన్న పాఠం తెలుగు నేలకు కొత్తది కాదు. ఫ్లోరైడు అధికంగా ఉన్న నీరు తాగిన వారి ఎముకలకు పట్టే వ్యాధిని 1937లోనే వైద్యులు అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా గ్రామాలలో గుర్తించి లోకానికి తెలియజేశారు. తరువాత నల్లగొండ పేరు ఈ వ్యాధికి పర్యాయపదమే అయినది. ఫ్లోరోసిస్ బాధితుని ఎక్స్‌రేలో ఎముకలు తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి. మనిషి మాత్రం వంగిన నడుము ఎత్తలేడు. ఇదే ఫ్లోరైడును పాశ్చాత్య వైద్యులు ఒకప్పుడు బోలు ఎముకలకు మందుగా ప్రయోగించి చూశారన్న సంగతి నల్లగొండ వాసులకు తెలిస్తే నవ్వాలో ఏడవాలో తోచదు. అమెరికాలోని మేయో క్లినిక్ వారు 202 మంది స్త్రీలపై నాలుగేళ్లపాటు జరిపి 1990లో ప్రకటించిన పరీక్షలో సోడియం ఫ్లోరైడు వెన్నెముక సాంద్రతను 35 శాతం పెంచింది. వెన్నుపూసల విరుగుళ్లు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఇతర ఎముకల విరుగుళ్లు మాత్రం మందు తీసుకోని వారికంటే సుమారు మూడు రెట్లయ్యాయి. బిస్‌ఫాస్ఫోనేట్లు ఫ్లోరైడు వంటివి కావు. అవి విరుగుళ్లను నిజంగానే తగ్గిస్తాయి. కాని స్కాను కాగితం మీది అంకె మెరుగుపడినంత మాత్రాన సందేహాలన్నీ తీరిపోవని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

ష్నైడర్ గారి అనుభవానికి తోడు మరికొన్ని బయటపడసాగాయి. 2005లో డల్లాసు నగరపు వైద్యులు అలెండ్రోనేట్ వాడుతూ, పడకుండానే ఎముక విరిగిన తొమ్మిది మంది రోగుల వృత్తాంతం ప్రకటించారు. వారి ఎముకలో చిన్న ముక్క తీసి పరీక్షిస్తే పునర్నిర్మాణం దాదాపు స్తంభించి ఉన్నది. 2007లో సింగపూరు వైద్యులు తొడ ఎముక పైభాగం చిన్న దెబ్బకే విరిగిన 13 మంది స్త్రీలను పరిశీలించగా తొమ్మిది మంది దీర్ఘకాలంగా ఈ మందు వాడుతున్నవారేనని తేలింది. 2010లో అమెరికాలోని ఎముకల పరిశోధకుల సంఘం నియమించిన నిపుణుల బృందం అప్పటివరకు వెలువడిన 310 సంఘటనలను సమీకరించి చూసింది. అందులో 291 మంది బిస్‌ఫాస్ఫోనేట్లు వాడినవారే. ఆ ఏడాది అక్టోబరులో అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల పత్రాలపై హెచ్చరిక చేర్పించింది.

ప్రమాదం ఎంత పెద్దదన్న ప్రశ్నకు మరో పదేళ్లకు సమాధానం దొరికింది. దక్షిణ కాలిఫోర్నియాలో 50 ఏళ్లు దాటిన 1,96,129 మంది స్త్రీల వైద్య వివరాలను పదేళ్ల కాలానికి పరిశీలించి 2020లో ఒక అధ్యయనం ప్రకటించారు. అంతమందిలో ఈ అసాధారణ విరుగుళ్లు 277 మాత్రమే. కనుక ఇది అరుదైన ఆపదే. అయితే మందు వాడిన కాలం పెరిగేకొద్దీ ఆపద నిచ్చెన మెట్లు ఎక్కుతూ పోయింది. మూడు నెలల లోపు వాడినవారితో పోలిస్తే ఎనిమిదేళ్లు దాటినవారికి అది నలభై రెట్లకు పైబడింది. ఏడాదికి మించి స్టెరాయిడు మందులు వాడినవారికి మరింత ఎక్కువ. ఆస్తమాకో కీళ్లవాతానికో ప్రెడ్నిసొలోను మాత్రలు మింగుతున్న పెద్దలు ఏ తెలుగింట లేరు?

ఆ అధ్యయనంలో మనవారు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం మరొకటి ఉన్నది. పదివేల మంది శ్వేతజాతి స్త్రీలు మూడేళ్లు ఈ మందు వాడితే 149 తుంటి విరుగుళ్లు తప్పుతాయి, రెండు అసాధారణ విరుగుళ్లు ఏర్పడతాయి. అదే పదివేల మంది ఆసియా స్త్రీలైతే తప్పేవి 91, ఏర్పడేవి ఎనిమిది. లాభం ఎక్కువే, సందేహం లేదు. కాని తూకపు ముల్లు అంత ఒకవైపుకు లేదు. ఆసియా అన్నది చాలా విశాలమైన మాట, అందులో మనవారి వంతు ఎంతో విడదీసి చూడవలసి ఉన్నది. అయినప్పటికీ పాశ్చాత్య స్త్రీలను చూసి రాసిన నియమాలను మన అమ్మలకు యథాతథంగా వర్తింపజేయడం ఉచితం కాదు.

ఈ తేడాకు కారణం ఎముక ఆకారంలో ఉండవచ్చునని పలువురు శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. తొడ ఎముక తిన్నని కర్ర కాదు. విల్లు వలె కొంచెం వంగి ఉంటుంది. ఆసియా జాతులలో ఈ వంపు కొంత ఎక్కువ. కావడి బద్దకు రెండు వైపులా బరువు తగిలించినప్పుడు పై భాగం సాగుతుంది, కింది భాగం నొక్కుకుంటుంది. బద్ద చిట్లేది సాగిన వైపునే. శరీర భారం పడినప్పుడు తొడ ఎముకలో సాగేది వెలుపలి అంచు. అసాధారణ విరుగుడు కూడా సరిగ్గా ఆ వెలుపలి అంచునే చిన్న చీలికగా మొదలై, అడ్డంగా లోపలికి ప్రాకుతుంది. ఎక్స్‌రేలో ఆ చోట ఎముక పక్షి ముక్కు వలె కాస్త ఉబ్బి కనిపిస్తుంది.

చీలిక మొదలు కావడానికీ, ఎముక పూర్తిగా తెగడానికీ నడుమ వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు గడుస్తాయి. 2010 నాటి నిపుణుల బృందం చూసిన రోగులలో నూటికి 70 మందికి ముందుగానే తొడలో గాని గజ్జలలో గాని నొప్పి వచ్చింది. లోపలి నుంచి సలిపే మందమైన నొప్పి. నడిస్తే ఎక్కువై, కూర్చుంటే తగ్గుతుంది. నూటికి 28 మందిలో రెండు కాళ్లలోనూ చీలికలు కనిపించాయి.

సౌదీలో ఈ నొప్పికి వేరే పేర్లు సులభంగా దొరుకుతాయి. ఉమ్రాకు వచ్చిన అమ్మ కాబా చుట్టూ ఏడు ప్రదక్షిణలు చేసి, సఫా మర్వాల నడుమ ఏడుసార్లు, అంటే మూడు కిలోమీటర్లకు పైగా నడిచి వస్తుంది. తొడ నొప్పి అన్నదంటే "అంత నడిచావు గదమ్మా" అంటాడు కొడుకు. ఇంకొక ఇంట మోకాళ్ల అరుగుదల అంటారు, మరొక ఇంట నడుము నరం నొక్కుకున్నదంటారు, వేరొక ఇంట చల్లని గాలి యంత్రం కింద పడుకోవడం వల్లనంటారు. ఇవన్నీ సాధ్యమే. కాని మూడు నాలుగేళ్లుగా ఎముకల మాత్ర వాడుతున్న మనిషి తొడ నొప్పి అంటే, తక్కినవన్నీ ఆలోచించే ముందు రెండు తొడలకూ ఎక్స్‌రే తీయించాలి. తుంటి వరకే తీసిన చిత్రంలో ఈ చీలిక కనిపించకపోవచ్చు. మోకాలి వరకు ఎముక అంతా రావాలి. ఎక్స్‌రేలో తేలకపోయినా నొప్పి నిలిచి ఉంటే ఎమ్మారై స్కాను చేయిస్తారు. ఇటువంటి తొడను మర్దన చేయించడం ప్రమాదకరం. పుత్తూరు కట్టుకు మన ప్రాంతంలో పెద్ద పేరున్నది, నల్లేరు పచ్చడి మీద పెద్దలకు గురి ఉన్నది. వాటి మంచిచెడ్డల విచారణకు ఇది తావు కాదు. ఈ చీలికకు మాత్రం కట్టు పనికిరాదు. నొప్పి ఉన్న చీలికకు చాలా సందర్భాలలో పూర్తిగా విరగకముందే ఎముక మధ్యలో లోహపు కడ్డీ అమరుస్తారు. బిస్‌ఫాస్ఫోనేటును నిలిపివేస్తారు. అతుకు సామాన్యపు విరుగుడు కంటే నెమ్మదిగా పడుతుంది.

సౌదీకి సంబంధించి మరొక చిక్కు ఉన్నది. ఏడాది పొడవునా ఎండ కాసే ఈ దేశంలో ఎండ వల్ల పుట్టే విటమిన్ డి కొరత ఉండటం 1980 దశకపు తొలినాళ్లలోనే రియాదు పరిశోధకులను ఆశ్చర్యపరచింది. జెద్దాలోని కింగ్ అబ్దుల్ అజీజ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2011లో ప్రకటించిన అధ్యయనంలో ఆరోగ్యవంతులైన 1172 మంది సౌదీ స్త్రీలలో సుమారు 80 శాతం మందికి ఈ కొరత కనిపించింది. వేసవి ఎండకు జడిసి అందరూ ఇళ్లలోనే ఉంటారు. బయట అడుగుపెడితే ఒళ్లంతా వస్త్రం. కారు అద్దంలో నుంచి పడే ఎండలో విటమిన్‌ను పుట్టించే కిరణాలు ఉండవు. ప్రవాసుల జీవితమూ ఇదే తీరు. సందర్శనకు వచ్చిన పెద్దలైతే నెలల తరబడి ఇల్లు కదలరు. మన ఊళ్లలోనూ పరిస్థితి గొప్పగా లేదు: తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2000 దశకంలో పరీక్షించినప్పుడు పట్టణవాసులలోనే కాక, పొలం పనులు చేసే పల్లె ప్రజలలో కూడా చాలామందికి కొరత కనిపించింది. వారి భోజనంలో కాల్షియం కూడా తక్కువగానే ఉన్నది.

విటమిన్ డి బాగా తగ్గిపోతే ఎముకలు గుల్లబారడం కాక మెత్తబడతాయి. దీనిని ఆస్టియోమలేసియా అంటారు. డెక్సా స్కాను ఈ రెండింటినీ వేరుచేసి చూపలేదు. రెండింటిలోనూ అంకె తక్కువగానే వస్తుంది. మెత్తబడిన ఎముకకు కావలసినది విటమిన్, కాల్షియం. కూలీలను నిలిపే మందు కాదు. కొరతను సరిదిద్దకుండా బిస్‌ఫాస్ఫోనేటు ఇస్తే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. కాబట్టి మాత్ర మొదలుపెట్టే ముందే ఒక రక్తపరీక్ష జరగాలి. మాత్ర వేసుకునే పద్ధతికి కూడా కట్టుబాట్లు ఉన్నాయి: ఉదయం పరగడుపున, గ్లాసెడు మంచినీళ్లతో, ఆపైన అరగంట పడుకోకుండా, మరేమీ తినకుండా, తాగకుండా. తెల్లవారగానే కాఫీ పడనిదే కళ్లు తెరవని మన అమ్మలకు ఆ అరగంట కఠిన పరీక్షే. కాఫీతో కలిపి మింగిన మాత్రలో చాలా వంతు శరీరానికి అందదు.

మరి ఎన్నేళ్లు? మాత్రలు అయిదేళ్లు, ఏడాదికొకసారి సూది ద్వారా ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లమైతే మూడేళ్లు నిండాక వైద్యుడు ఆగి తిరిగి అంచనా వేయాలన్నది నిపుణులు 2016లో సూచించిన పద్ధతి. అయిదేళ్లు అలెండ్రోనేట్ వాడి ఆపినవారినీ, మరో అయిదేళ్లు కొనసాగించినవారినీ పోల్చి 2006లో ప్రకటించిన పరీక్షలో తుంటి మొదలైన ఎముకల విరుగుళ్లు ఇరువురిలో ఇంచుమించు సమానం. వెన్నుపూస విరిగి నొప్పితో బాధపడినవారు మాత్రం ఆపినవారిలో నూటికి అయిదుగురు, కొనసాగించినవారిలో ఇద్దరు ముగ్గురు. అందువల్ల అప్పటికే వెన్నుపూస గాని తుంటి గాని విరిగినవారికీ, సాంద్రత మరీ తక్కువ ఉన్నవారికీ కొనసాగింపే మేలు కావచ్చు. తక్కినవారికి కొంతకాలం విరామం ఇస్తారు. ఎముకలో నిలువ ఉన్న మందు ఆ కాలంలో కొంత రక్షణ ఇస్తూనే ఉంటుంది. అసాధారణ విరుగుళ్ల ఆపద మాత్రం ఆపిన తరువాత త్వరగా తగ్గుతుందని 2020 నాటి అధ్యయనం చూపింది. ఈ నిర్ణయం వైద్యునిది. ఇది చదివి భయపడి రేపటి మాత్ర మానివేయడం తగదు.

ఈ విరామపు మాట ఆరు నెలలకొకసారి చర్మం కింద ఇచ్చే డెనోసుమాబ్ సూదికి వర్తించదు. దాని బలం ఎముకలో నిలువ ఉండదు. సూది గడువు దాటిందంటే కట్టలు తెగినట్లు ఎముక తరిగి, ఒకేసారి రెండు మూడు వెన్నుపూసలు కుంగిన సందర్భాలు ఉన్నాయి. వీసా గడువుకూ సూది గడువుకూ పొత్తు కుదరక ఒక మోతాదు తప్పిపోవడం ప్రవాస కుటుంబాలలో తేలికగా జరిగే పొరపాటు. ప్రయాణపు టిక్కెట్టు కొనేటప్పుడే తరువాతి సూది ఏ తేదీన, ఏ ఊరిలో అన్నది నిర్ణయించుకోవాలి.

మందు పెట్టె మీద ఉండే కంపెనీ పేరు భారతదేశంలో ఒకటి, సౌదీలో మరొకటి. అందువల్ల అమ్మ పాస్‌పోర్టుతో పాటు ఉంచే కాగితం మీద మందు అసలు పేరు, మోతాదు, మొదలుపెట్టిన నెల, సంవత్సరం, మధ్యలో మానిన కాలం, స్టెరాయిడు మందులు వాడి ఉంటే వాటి వివరం, చివరి విటమిన్ డి పరీక్ష ఫలితం ఇంగ్లీషు అక్షరాలలో రాసి ఉంచాలి. మొదలుపెట్టిన సంవత్సరం జ్ఞాపకం లేనివారు పాత స్కాను కాగితాలు వెదికితే తరచు దొరుకుతుంది. మొదటి డెక్సా స్కాను తేదీకి కొద్ది రోజుల అటూ ఇటూగా మొదటి మాత్ర మొదలై ఉండవచ్చు.